రాయి దారి పట్టిచ్చిన కెమెరా

ఆకాశం నుంచి పడిన రాయిని కోసి పరీక్షిస్తే అందులో ఏముందో, దాని వయసెంతో తెలుస్తుంది. ఎక్కడ తిరుగుతూ వచ్చిందో తెలియాలంటే మాత్రం అది మండుతూ దిగిన దారి కావాలి. ఆ వెలుగు ఉండేది కొన్ని సెకన్లే. చూసినవాళ్ల మాటలు ఒకదానితో ఒకటి పొసగవు.

ఆ దారిని పట్టడానికి పుట్టిందే ఉల్కల కెమెరా. దాని లెన్స్ ముందు ఫ్యాను రెక్కల్లాంటివి గిర్రున తిరుగుతుంటాయి. రెక్క అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు ఆగుతుంది కాబట్టి ఉల్క గీత ఫొటోలో ముక్కలుగా పడుతుంది. రెక్కల వేగం ముందే తెలుసు. ముక్కల పొడవు కొలిస్తే ఉల్క వేగం తేలుతుంది. ఎత్తు, దిశ తెలియాలంటే పదుల కిలోమీటర్ల దూరం నుంచి ఇంకో కెమెరా కూడా అదే ఉల్కను తీయాలి. అమెరికాలోని హార్వర్డ్‌లో ఫ్రెడ్ విపుల్ 1930లలోనే ఈ పద్ధతి నడిపాడు. చెకొస్లొవేకియాలోని ఒండ్రెయోవ్ వేధశాల 1951లో మొదలుపెట్టింది.

ఇలా చిక్కినవాటిలో ఎక్కువ భాగం తోకచుక్కలు రాల్చిన ధూళి రేణువులే. అవి గాలిలోనే కాలిపోతాయి. నేలకు చేరే రాయి కోసం 1959 ఏప్రిల్ 7 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రాత్రి చెకొస్లొవేకియాలోనే ప్రిబ్రామ్ పట్టణం దగ్గర దూసుకొచ్చిన అగ్నిగోళం కెమెరాలకు దొరికింది. ఖగోళ శాస్త్రవేత్త జ్దెనెక్ త్సెప్లెఖా ఆ ఫొటోలతో లెక్క కట్టాడు. గాలిలోకి చొరబడినప్పటి వేగం సెకనుకు సుమారు 21 కిలోమీటర్లు. నేల మీద మొత్తం 5.8 కిలోల దాకా బరువున్న నాలుగు ముక్కలు దొరికాయి. రాయీ, దాని కక్ష్యా రెండూ చేతికందడం చరిత్రలో అదే మొదలు.

ఆ కక్ష్యలో సూర్యుడికి దూరపు కొస అంగారకుడికీ గురుడికీ నడుమ తేలింది. అంటే ఆ రాయి తిరిగింది గ్రహశకలాల పట్టీ గుండానే. అక్కడ శకలాలు ఒకదానికొకటి ఢీకొని పగులుతాయి. కొన్ని ముక్కలను గురుడి ఆకర్షణ మెల్లగా కక్ష్య తప్పించి భూమి వైపు మళ్లిస్తుంది. 1970లో అమెరికాలోని లాస్ట్ సిటీ దగ్గర, 1977లో కెనడాలోని ఇన్నిస్‌ఫ్రీ దగ్గర కెమెరాలకు చిక్కిన రాళ్లూ ఆ పట్టీ వైపే వేలు చూపాయి.

2002 ఏప్రిల్ 6న జర్మనీలోని నాయ్‌ష్వాన్‌స్టైన్ దగ్గర మరో రాయి పడింది. దాని కక్ష్య ప్రిబ్రామ్ రాయి కక్ష్యతో ఇంచుమించు సరిపోయింది. రెండూ ఒక తల్లి ముక్కలే అనుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? తీరా కోసి చూస్తే రెంటి రసాయన కూర్పూ వేరువేరు. దారి కలిసినంత మాత్రాన వంశం కలవదు. అందుకే కెమెరా లెక్క వచ్చాక కూడా ప్రయోగశాలలో రాయిని కోయక తప్పదు.