టీవీ వెనక చిన్న కంప్యూటర్: ఐ7 కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లినా, మీ ఊరి కంప్యూటర్ షాపుకి వెళ్లినా, ‘హాల్లో టీవీకి తగిలించుకోవడానికి చిన్న కంప్యూటర్ కావాలి’ అనగానే ఎదురయ్యే ప్రశ్నలు ఒకటే. ఐ5 ఇవ్వమంటారా, ఐ7 ఇవ్వమంటారా? ర్యామ్ ఎంత? లెక్కలు రాసుకోవడానికో ఫొటోలు దిద్దుకోవడానికో అయితే ఇవి అడగాల్సినవే. సినిమా చూడ్డానికి వీటితో పెద్దగా పని లేదు. ఆ చిప్పు ఏయే రకాల వీడియోని హార్డ్‌వేర్‌లోనే విప్పగలదన్నది అసలు సంగతి. అది పెట్టె మీద పెద్దక్షరాల్లో ఎవరూ వేయరు.

ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక ఫ్రేములో 1920 × 1080 చుక్కలు, అంటే 20 లక్షల 73 వేల పైచిలుకు. ఒక్కో చుక్క రంగుకి మూడు బైట్లు, సెకనుకి 24 ఫ్రేములు. ఈ లెక్కన రెండున్నర గంటల సినిమా 1,340 జీబీ దాటుతుంది. మన చేతికొచ్చే ఫైలేమో నాలుగైదు జీబీలు. మిగిలినదంతా ఎటు పోయింది?

కొంత అసలు పంపాల్సిన పనే లేదు. హీరో అరుగు మీద కూర్చుని మాట్లాడుతుంటే వెనక గోడ ఫ్రేము ఫ్రేముకీ మారదు. కాబట్టి గోడను ఒకసారి పంపి, ఆ తర్వాత ‘ఈ ముక్క ఇన్ని చుక్కలు కుడికి జరిగింది, ఆ ముక్క అలాగే ఉంది’ అని చెబితే చాలు. ఒకే ఫ్రేములోపల మరో కిటుకు ఉంది. బొమ్మను చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిలోని వెలుగునీడల్ని మెల్లగా మారే అలలుగా, చురుగ్గా మారే అలలుగా విడదీస్తారు. మన కన్ను పెద్దగా పట్టించుకోని చురుకైన అలల్ని మొరటుగా కుదిస్తారు, చాలావాటిని వదిలేస్తారు. ఈ విడదీతకు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పేరు. బెంగళూరులో పుట్టి అమెరికాలో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నాసిర్ అహ్మద్ దీని మీద పని చేస్తానంటే అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బివ్వలేదు. ఆయన వదిలిపెట్టలేదు. 1974 జనవరిలో అచ్చయిన ఆ చిన్న పరిశోధన పత్రం మీద మూడు పేర్లున్నాయి: అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. ఆ మూడో ఆయన కామిశెట్టి రామమోహనరావు, మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకుని టెక్సాస్‌లో ప్రొఫెసరైనవారు. మన ఫోన్లో ఫొటో, ఒకప్పటి వీసీడీ, ఇవాళ్టి ఓటీటీ అన్నీ ఆ పత్రానికి బాకీ పడ్డవే.

కుదించే పద్ధతులు కాలంతో పాటు ముదిరాయి. 2003లో హెచ్.264 వచ్చింది. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ దాదాపు అదే నాణ్యతను సగం సైజులో ఇమిడ్చింది. 2018లో ఏవీ1 ఇంకా తగ్గించింది. సైజు తగ్గినకొద్దీ విప్పే చాకిరీ పెరిగింది. హెచ్.264లో గడి 16 చుక్కల చదరం. హెచ్‌ఈవీసీలో అది 64 చుక్కల దాకా పోవచ్చు. పక్క గడులను బట్టి ఈ గడి ఎలా ఉండొచ్చో ఊహించే పద్ధతులు అక్కడ 9 ఉంటే ఇక్కడ 35.

ఈ చాకిరీ రెండు రకాలుగా జరగొచ్చు. ఏ పనైనా చేయగల ప్రాసెసర్‌కి సాఫ్ట్‌వేర్ రాసిచ్చి చేయించొచ్చు, లేదా ఈ ఒక్క పనికే చిప్పులో విడిగా సర్క్యూట్ చెక్కొచ్చు. ఆ సర్క్యూట్ పిండిమర లాంటిది. పిండి ఆడటం తప్ప ఇంకేమీ చేతకాదు గానీ, ఆ పనిలో దాన్ని మించింది లేదు. బియ్యానికి బిగించిన మరలో పసుపు కొమ్ములు పోస్తే మాత్రం నడవదు.

రెండు చిప్పుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 2013 నాటి కోర్ ఐ7-4770 ఆ రోజుల్లో మహారాజు, 84 వాట్ల తరగతి. అందులో హెచ్‌ఈవీసీ సర్క్యూట్ లేదు. 4కే ఫైలు ఇస్తే నాలుగు కోర్లూ రొప్పుతాయి, ఫ్యాను హోరెత్తుతుంది, బరువైన దృశ్యాల్లో ఫ్రేములు జారిపోతాయి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ఆరు వాట్ల తరగతి చిప్పు, వరసలో అడుగున ఉండేవాటిలో ఒకటి. హెచ్‌ఈవీసీ, వీపీ9 (గూగుల్ తెచ్చిన పద్ధతి), ఏవీ1 మూడింటికీ అందులో సర్క్యూట్లున్నాయి. అదే 4కే ఫైలు నడుస్తుంటే దాని ప్రాసెసర్ దాదాపు ఖాళీగా కూర్చుంటుంది.

అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్‌బెరీ పై సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2019 నాటి పై 4లో హెచ్.264కీ హెచ్‌ఈవీసీకీ సర్క్యూట్లున్నాయి. 2023లో వచ్చిన పై 5 దానికన్నా రెండు మూడు రెట్లు చురుకైనది, అయినా అందులోంచి హెచ్.264 సర్క్యూట్‌ని తీసేశారు. ఫుల్ హెచ్‌డీ వరకు ప్రాసెసరే లాగేస్తుందన్నది తయారీదారుల లెక్క, అది తప్పు కాదు. ఏవీ1 సర్క్యూట్ మాత్రం రెండింట్లోనూ లేదు.

రిఫర్బిష్డ్‌గా దొరికే ఆఫీసు మినీ కంప్యూటర్లు (లీటరు పాల ప్యాకెట్టంత జాగాలో ఇమిడేవి) నాకు ఇష్టమైన బేరం. అక్కడ చూడాల్సింది ఒక్క అంకె. ఐ5-6500టీ అయితే ఆరో తరం. హెచ్‌ఈవీసీలో 8 బిట్ ఫైళ్లు మాత్రమే పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పుతుంది. ఐ5-7500టీ అయితే ఏడో తరం, 10 బిట్ కూడా లాగుతుంది. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్‌లో 1,024. వెలుగునీడల తేడాను మరింత విస్తారంగా చూపే హెచ్‌డీఆర్ సినిమాలన్నిటికీ కనీసం 10 బిట్ కావాలి. ఒక్క అంకె తేడాతో వాటికి దారి మూసుకుపోతుంది. ఏవీ1 కావాలంటే పదకొండో తరం దాకా రావాలి.

ఇంతా చూసి కొన్న యంత్రం మీద నెట్‌ఫ్లిక్స్ పెడితే బొమ్మ మసగ్గా రావచ్చు. ఇది శక్తి చాలక కాదు, అనుమతి లేక. వైడ్‌వైన్ అనే తాళం వ్యవస్థలో ఎల్1, ఎల్3 అని అంచెలున్నాయి. ఎల్1లో తాళం తీయడం, వీడియో విప్పడం రెండూ చిప్పులోని కాపలా గదిలోనే జరుగుతాయి, బయటి సాఫ్ట్‌వేర్‌కి ఆ బొమ్మ కనబడదు. 4కే ఇచ్చేది ఎల్1 ఉన్న పరికరాలకే. లినక్స్ బ్రౌజర్‌కి దక్కేది ఎల్3, దానికి చాలా సర్వీసులు నాణ్యత తగ్గించి పంపుతాయి. ఆ ఎల్1 అనుమతి టీవీకి తగిలించే కొద్ది వేల రూపాయల స్ట్రీమింగ్ స్టిక్‌లో ఉంటుంది. అందుకని మీరు చూసేది ఓటీటీలు మాత్రమే అయితే కంప్యూటర్ కొనకండి. స్టిక్ కొనుక్కోండి, డబ్బు మిగుల్చుకోండి.

కంప్యూటర్ పనికొచ్చేది సొంత సరుకున్నవాళ్లకి. డిజిటైజ్ చేయించిన పెళ్లి కేసెట్లు, బ్లూరేలు, ఫోన్లో తీసిన పుట్టినరోజు వీడియోలు (2017 నుంచి ఐఫోన్ మామూలుగా తీసేది హెచ్‌ఈవీసీలోనే), రెండేసి డిస్కుల్లో వచ్చిన పాత సినిమా వీసీడీలు. వీటన్నిటినీ పోస్టర్లతో సహా పేర్చి చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్ కోడి. ఇది మొదట మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ మీద నడిచేందుకు ఔత్సాహికులు రాసుకున్నది, 2014లో ఈ పేరు పెట్టుకుంది. వీసీడీ మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి. 352 × 288 చుక్కల బొమ్మను 4కే తెరకి సాగదీయడమంటే ఒక్కో చుక్క 80కి పైగా చుక్కలు కావడం. దాన్ని ఏ చిప్పూ బాగుచేయలేదు.

కోడి సెట్టింగుల్లో మొదట మార్చాల్సింది ఒకటుంది. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. టీవీని 60 హెర్ట్జ్‌లో వదిలేస్తే ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు చూపించాల్సి వస్తుంది. కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ సన్నగా తడబడేది అందుకే. వీడియోకి తగ్గట్టు రిఫ్రెష్ రేటు మార్చుకొమ్మని చెబితే ఆ బాధ పోతుంది. మన పాత టీవీ పద్ధతి సెకనుకి 25 ఫ్రేములది. అందుకని 24 ఫ్రేముల ఫిల్మును 25గా పరిగెత్తించడం రివాజు. 150 నిమిషాల సినిమా 144లో అయిపోయేది. శ్రుతి సరిచేయకపోతే పాట కూడా దాదాపు ముప్పావు స్వరస్థానం పైన పలికేది. ఘంటసాల పాటకి హార్మోనియం కలపబోయి తికమకపడ్డవాళ్ల చెవిలో లోపమేమీ లేదు.

వేడి, కరెంటు మన దగ్గర చిన్న విషయాలు కావు. ఫ్యాను లేని పెట్టె నిశ్శబ్దంగా ఉంటుంది, నిజమే. అయితే లోపలి వేడి బయటికి పోవాలంటే బయట చల్లగా ఉండాలి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గది గాలే 40 డిగ్రీలుంటే, ఆ పెట్టెను తీసుకెళ్లి టీవీ యూనిట్ అరలో తలుపేసి పెడితే పాపం ఏం చేస్తుంది? రాస్‌బెరీ పై 80 డిగ్రీలు తాకగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఖర్చు చూస్తే, 50 వాట్లు తాగే పాత డెస్క్‌టాప్‌ని రాత్రింబవళ్లు వదిలేస్తే ఏడాదికి 438 యూనిట్లు, 8 వాట్ల మినీకి 70. రాసే పని మధ్యలో కరెంటు పోతే మెమరీ కార్డులు పాడవుతుంటాయి కాబట్టి సిస్టమ్‌ని ఎస్‌ఎస్‌డీలో పెట్టుకోవడం మేలు.

చివరగా రిమోట్. ఇంట్లో పెద్దవాళ్లు సోఫాలో కీబోర్డు పెట్టుకుని సినిమా చూడరు. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్లో 13వ పిన్ను సీఈసీ అనే సంకేతాలకి కేటాయించారు. టీవీ రిమోట్ బాణం నొక్కితే ఆ పిన్ను గుండా కంప్యూటర్‌కి చేరుతుంది. రాస్‌బెరీ పైలో ఇది మొదటి నుంచీ ఉంది. చాలా మినీ పీసీల్లో లేదు, విడిగా యూఎస్‌బీ అడాప్టర్ తగిలించాలి. టీవీలోనూ దాన్ని ఆన్ చేయాలి. మెనూలో సీఈసీ అని వెతికితే దొరక్కపోవచ్చు. శామ్‌సంగ్‌లో అది ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్.