దత్తాంశం వద్దకే గణన: జన్యురాశి పరిశోధనలో క్లౌడ్, నెట్‌వర్క్

మానవ జన్యురాశిలో సుమారు 300 కోట్ల క్షార జంటలు ఉంటాయి. యంత్రం చేసే పొరపాట్లను వడకట్టడానికి ప్రతి స్థానాన్నీ సగటున 30 సార్లు చదవడం పరిపాటి. అందువల్ల ఒక్క వ్యక్తి ముడి దత్తాంశమే 100 గిగాబైట్లకు చేరువవుతుంది. దీనిని నిల్వ సమస్యగా భావించేవారే ఎక్కువ. నిజానికి అంతకంటే జటిలమైనది రవాణా.

2008లో మొదలైన 1000 జీనోమ్స్ ప్రాజెక్టు ఇందుకు నిదర్శనం. 2015లో వెలువడిన తుది ఫలితాలలో 26 జనసమూహాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారు అందులో ఒక ప్రత్యేక సమూహం. 2012 మార్చిలో ఈ ప్రాజెక్టుకు చెందిన 200 టెరాబైట్ల దత్తాంశాన్ని అమెజాన్ క్లౌడ్‌లో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. సెకనుకు 100 మెగాబిట్ల లింకు క్షణమైనా ఆగకుండా పూర్తి వేగంతో పనిచేసినా, ఆ మొత్తాన్ని దించుకోవడానికి సుమారు 185 రోజులు పడుతుంది.

ఆచరణలో ఆ వేగమూ దక్కదు. టీసీపీ పద్ధతిలో, అవతలి కొస నుంచి అందినట్లు సమాచారం రాకముందు పంపగలిగే పరిమాణానికి పరిమితి ఉంది. దూరం పెరిగేకొద్దీ ఈ ఎదురుచూపు పెరుగుతుంది. పైగా ప్యాకెట్ తప్పిపోయిన ప్రతిసారీ పంపే యంత్రం తన వేగాన్ని తగ్గించుకుంటుంది. కనుక లింకు సామర్థ్యం పెంచినంత మాత్రాన ఖండాంతర రవాణా వేగవంతం కాదు. యూడీపీపై నడిచే ఆస్పెరా వంటి సాధనాలు ఈ లోపాన్ని కొంత పూరించాయి.

క్లౌడ్ విధానం ఈ వరుసను తిరగేస్తుంది: దత్తాంశం ఉన్నచోటనే ఉంటుంది, దానితో పోలిస్తే అతి చిన్నదైన ప్రోగ్రామ్ అక్కడికి వెళ్తుంది. ఒకరి జన్యుక్రమాన్ని ప్రామాణిక జన్యురాశితో సరిపోల్చడానికి మరొకరి ఫలితం కోసం వేచి ఉండనవసరం లేదు. అందుచేత వందల సర్వర్లను కొన్ని గంటలు అద్దెకు తీసుకొని, పని ముగియగానే వదిలివేయవచ్చు. సూచిక గల బామ్ ఫైళ్లనుంచి అవసరమైన భాగాన్ని మాత్రమే తెప్పించుకోవచ్చు కూడా. ఉదాహరణకు, తెలుగు సమూహంలో బీటా గ్లోబిన్ జన్యువును పరిశీలించేవారికి 11వ క్రోమోజోమ్‌పై దాదాపు 1,600 క్షారాల పరిధి చాలు. సాధారణ కళాశాల ఇంటర్నెట్‌తోనూ అది సాధ్యం.

ఖర్చు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. క్లౌడ్ సంస్థలు సాధారణంగా లోనికి వచ్చే దత్తాంశానికి కాక, బయటికి వెళ్లేదానికి రుసుము వసూలు చేస్తాయి. మధ్యంతర ఫైళ్లన్నిటినీ దించుకునే పరిశోధకునికి గణన కంటే రవాణాయే భారమవుతుంది.

గోప్యత మరో చిక్కు. పేరు తొలగించినా జన్యుక్రమం వ్యక్తినీ, రక్తసంబంధీకులనూ గుర్తుపట్టించగలదు. హైదరాబాదులోని సీసీఎంబీ పాలుపంచుకున్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సుమారు 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో భద్రపరిచారు. 1000 జీనోమ్స్ దత్తాంశం వలె ఇది బహిరంగం కాదు. అనుమతి పొందినవారికే అందుతుంది.