కళింగ నామము ధరించిన సముద్రపు నత్త

మన నక్కపల్లి ప్రాంతపు జాలరులు వల లాగి ఇసుకపై కుమ్మరించి, అమ్ముడుపోవు చేపలను ఏరుకొని తక్కినదానిని ఒడ్డుననే విడుతురు. ఆ విడిచినదానిలో జిగురుముద్దలవంటి మెత్తని ప్రాణులు కొన్ని యుండుట కలదు. అట్టి ప్రాణులలో ఒకదానికి శాస్త్రజ్ఞులు మన దేశభాగపు పేరే పెట్టిరని పలువురెఱుగరు. దాని శాస్త్రనామము ‘కళింగ ఆర్నాటా’. ఆర్నాటా యనగా లాటినుభాషలో అలంకరింపబడినది.

ఇది నత్తజాతిలోనిదే గాని దీనికి చిప్ప లేదు. ఇట్టి నత్తలకు గ్రుడ్డునుండి వెడలి నీటిలో తేలియాడు కాలమున చిన్న చిప్ప యుండి, పిదప రాలిపోవును. మన కళింగ నాలుగైదు అంగుళముల వఱకు పెరుగును. పారదర్శకమైన తెల్లని మేనిపై ఎఱ్ఱని మొటిమలు పొదిగినట్లుండును. తలపైనున్న రెండు కొమ్ములు వాసన పసిగట్టు సాధనములు. మొప్పలు చేపలకువలె లోపల దాగియుండక, వీపుపై కొమ్మలుగా చీలి బయటనే యుండును.

ఇసుకయు బురదయు గల సముద్రపుటడుగున ఇది ప్రాకుచుండును. సన్నని చేతులు గలిగి, పట్టినంతనే అవి విరిగిపోవు నక్షత్రాకార జీవులు దీని యాహారము. ఈ నత్తలలో ప్రతిదానియందును స్త్రీపురుషావయవములు రెండునుండును. అయినను సంతానమునకు జత కావలయును. దీని కుటుంబములోని కొన్ని జాతులు, తాకినయెడల చీకటిలో వెలుగును వెదజల్లును.

ఇక పేరు వచ్చిన విధము. 1845 మొదలు 1854 వఱకు ఉత్తర సర్కారుల కమిషనరుగానుండిన వాల్టర్ ఎలియట్ దొర వాల్తేరు తీరమున ఇట్టి ప్రాణులను సేకరించి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. తెలుగుసీమ చెట్ల పేర్లను కూర్చి 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ను ప్రకటించినవాడును ఈయనయే. ఇంగ్లండులోని న్యూకాసిల్ పండితులగు ఆల్డరు, హాంకాకు అనువారు ఆ సేకరణను పరిశీలించి, 1864లో ఈ నత్తకు కళింగయను క్రొత్త ప్రజాతినేర్పఱచిరి. తరువాత జపాను, ఆస్ట్రేలియా సముద్రములలోను ఇది కనబడినది. అచ్చటను దాని పేరు కళింగయే.

సారాయిలో నిలువచేసిన నత్త ముడుచుకొని రంగు కోలుపోవును. కావున బ్రతికియున్నప్పటి వన్నెలు దూరదేశపు పండితులకు తెలియుటకు బొమ్మలే యాధారము. మన చిత్రకారుల కుంచెకు శాస్త్రమెంత ఋణపడినదో దీనివలన తెలియగలదు.

నేడు మరపడవల అడుగువలలు సముద్రపుటడుగును దున్నుచున్నవి. అందు నివసించు అల్పజీవులకిది గొప్ప హాని. ధర పలుకనిదానిని ఎవరును లెక్కించరు; లెక్కింపనిది నశించినను ఎవరికిని తెలియదు. కావున విద్యార్థులారా! వలలో ఇట్టి ప్రాణి సజీవముగా దొరకినచో తొట్టిలో సముద్రపునీరు పోసి దానినందుంచి చూడుడు. రంగులతో బొమ్మ వ్రాసి, తేదీయు స్థలమును గుర్తించి, దానిని మరల సముద్రమున విడువుడు. నాడు వాల్తేరున జరిగిన పనియు ఇట్టి పరిశీలనతోనే ప్రారంభమైనది.