ఇంటికి తిజోరీ: కొత్తదా, పాతదా?

మొన్న జుమా నమాజు అయిన తర్వాత మస్జిదు వరండాలో ఒక యువకుడు నన్ను ఆపాడు. దుబాయి నుంచి రెండు నెలల సెలవు మీద జగిత్యాల దగ్గరి తన ఊరికి వచ్చినవాడు. "మౌల్వీ సాబ్, ఇంటికి ఒక తిజోరీ కొందామనుకుంటున్నాను. కొత్తదైతే చేతిలో ఉన్నదంతా దానికే పోతుంది. కరీంనగర్‌లో ఒకాయన పాతదాన్ని బాగుచేయించి, రంగు వేయించి సగం ధరకే ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?" అని అడిగాడు.

వాడిన వస్తువు కొనడానికి షరీఅత్‌లో అభ్యంతరమేమీ లేదు, తీసుకో అని చెప్పి పంపేసేవాణ్ణే. కాని అతను చెప్పులు వేసుకుంటూ మరో మాట అన్నాడు. "అందులో మా సొంతం కొంచమే సాబ్. చెల్లెళ్ళ పెళ్ళి నగలున్నాయి. నాతోపాటు పనిచేసే ఇద్దరు మిత్రులు అమ్మీ దగ్గర దాచమని ఇచ్చిన బంగారం ఉంది. అదే ఎక్కువ."

ఆ మాటతో ప్రశ్నే మారిపోయింది. ఇది ఇక ఇనప్పెట్టె బేరం కాదు, అమానతు సంగతి.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్, ఖానాపూర్ ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మగవాళ్ళు గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో ముసలి తల్లి, కోడలు, పిల్లలు. నలుగురూ నమ్మే అమ్మీ దగ్గరకు నలుగురి సొమ్మూ చేరుతుంది. అదంతా ఎక్కడుంటుంది? చీరల బీరువాలో, లోపలి చిన్న అరలో! బీరువాను తిజోరీ అనుకోవడం మన ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు. పలుచని రేకుతో చేసిన ఆ తలుపుకు గడ్డపార ఆనిస్తే రెండు నిమిషాల పని కూడా కాదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాను వీడి మదీనాకు బయలుదేరిన ఆ రాత్రిని గుర్తు చేసుకోండి. అది క్రీ.శ. 622. ఆయన ప్రాణం తీయడానికి పన్నాగం పన్నిన ఊరివాళ్ళే తమ విలువైన వస్తువులను ఆయన దగ్గర దాచుకునేవారు. అంతటి ప్రమాదంలోనూ ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి, ఎవరి అమానతులు వారికి అప్పగించి రమ్మని ఆదేశించారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలన్న ఆజ్ఞ దివ్య ఖుర్ఆన్‌లో సూరె నిసా 58వ ఆయతులో ఉంది. మక్కా విజయం నాడు కాబా గృహపు తాళంచెవిని ఉస్మాన్ బిన్ తల్హా (రజి)కి తిరిగి ఇచ్చిన సందర్భాన్ని వ్యాఖ్యాతలు ఈ ఆయతుతో ముడిపెట్టి వివరించారు.

ఫిఖ్హ్ పండితులు ఈ విషయాన్ని ఇంకా లోతుగా చర్చించారు. అమానతు దాచినవాడి నిర్లక్ష్యం లేకుండా వస్తువు పోతే అతను నష్టపరిహారం ఇవ్వనక్కరలేదు. నిర్లక్ష్యం ఉంటే మాత్రం బాధ్యత అతనిదే. నిర్లక్ష్యం అంటే ఏమిటి? తన సొమ్మును ఎలా కాపాడుకుంటాడో అలా కాపాడకపోవడం. తన నగలు బ్యాంకులో, పరాయివాళ్ళవి బీరువాలో పెట్టినవాడు రేపు ఏం సమాధానం చెబుతాడు? ఒకరి సొమ్మును మరొకరి సొమ్ముతో గుర్తుపట్టలేనంతగా కలిపేసినా బాధ్యత మీద పడుతుంది. అందుకే తిజోరీ ఎంత గట్టిదైనా ఎవరి నగలు వారి సంచిలో, పేరు చీటీతో ఉండాలి. హజ్రత్ జుబైర్ (రజి) అయితే తన దగ్గర దాచుకోవడానికి వచ్చిన సొమ్మును అమానతుగా తీసుకునేవారే కాదు. పోతుందేమోనన్న భయంతో దాన్ని అప్పుగా రాసుకుని, తీర్చే బాధ్యతను తన మీదే వేసుకునేవారు. మనలో ఎందరికి ఆ గుండె ఉంది?

ఇక పెట్టె సంగతి. కొత్తదంతా గట్టిది, పాతదంతా బలహీనం అనుకోవద్దు. దుకాణంలో మెరిసే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెల్లో చాలా వాటిని ఇద్దరు మనుషులు ఎత్తుకుపోగలరు. దొంగ దాన్ని ఇంట్లో తెరవడు, మోసుకుపోయి తీరిగ్గా తెరుస్తాడు. కాబట్టి బరువు తక్కువున్న పెట్టెను నేలకో గోడకో బోల్టులతో బిగించాల్సిందే. అసలైన తిజోరీకి ప్రమాణాలున్నాయి. మన దేశంలో ఐ.ఎస్. 550 అన్న ప్రమాణం ఉంది. అమెరికా పద్ధతిలో టి.ఎల్. 15, టి.ఎల్. 30 అని రాసి ఉంటే, పనిముట్లతో దాడి చేసినప్పుడు పదిహేను నిమిషాలు, ముప్ఫై నిమిషాలు తట్టుకున్నట్టు పరీక్షలో తేలిందని అర్థం. అంటే ఏ తిజోరీ అయినా అమ్ముతున్నది సమయాన్నే. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో దొంగలు గ్యాస్ కట్టర్‌తో బ్యాంకు లాకర్లనే కోసి, సుమారు 19 కిలోల బంగారం ఎత్తుకుపోయారు. బ్యాంకు ఇనుమే ఆగలేదు. ఇక మన బీరువా ఏపాటిది?

అందుకే ఆ యువకుడితో చెప్పాను: పేరున్న కంపెనీవారు ప్రమాణం ప్రకారం చేసిన పాత తిజోరీ, ప్రమాణమేమిటో తెలియని కొత్త పెట్టెకంటే మేలు. అయితే దాని చరిత్ర తెలియాలి. తలుపు లోపలి వైపు కంపెనీ పలక ఉందో లేదో చూడు. అది పీకేసి ఉంటే బేరం అక్కడే ఆపు. తాళంచెవి పోయి ఎప్పుడైనా డ్రిల్లుతో తెరిచారా అని అడుగు. తెరిచి ఉంటే ఆ రంధ్రాన్ని గట్టి ఉక్కుతో పూడ్చారా, లేక లప్పం పెట్టి రంగు కొట్టారా? దాడి జరిగినప్పుడు తనంతట తానే పడే అదనపు గడియ కొన్ని మంచి తిజోరీల్లో ఉంటుంది. డ్రిల్లు వేసినప్పుడు అది పడి ఉంటే, దాన్ని మళ్ళీ సరిచేశారా అన్నది కూడా తేలాలి.

నిప్పు చూసిన తిజోరీ వద్దు. అగ్నిని తట్టుకునే తిజోరీ గోడల మధ్య నింపిన పదార్థంలో తేమ దాగి ఉంటుంది. మంటల్లో ఆ తేమ ఆవిరై లోపలి వస్తువులను కాపాడుతుంది. ఒకసారి ఆవిరైపోయాక ఆ పదార్థంతో రెండోసారి పని జరగదు. పైన ఎంత మంచి రంగు వేసినా అంతే. నీట మునిగినదీ వద్దు. 2021 జులైలో నిర్మల్ కాలనీల్లోకి, 2022 జులైలో మంచిర్యాల కాలనీల్లోకి వరద వచ్చింది. ఆ నీళ్ళలో ఎన్ని ఇళ్ళ సామాను నానిందో! గోడల లోపలికి చేరిన నీరు తిజోరీని లోపలి నుంచే తుప్పు పట్టిస్తుంది. మూలల్లో రంగు ఉబ్బి ఉంటే, తలుపు తీయగానే ముక్క వాసన వస్తే అనుమానించాలి.

తాళం మాత్రం కొత్తదే వేయించాలి. పాత తాళానికి ఎన్ని మారు చెవులున్నాయో, ఎవరి జేబులో ఉన్నాయో అల్లాహ్‌కే తెలుసు. ఆ ఖర్చు కూడా కలుపుకుని చూస్తే సగం ధర కాస్తా ముప్పాతిక అవుతుంది. మంచి తిజోరీ వందల కిలోల బరువు ఉంటుంది. దాన్ని మేడ మీద పెట్టదలిస్తే ముందు మేస్త్రీని అడగాలి.

అమ్మేవారికీ ఒక మాట. ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి, అడుగున తడి తగలగానే దైవప్రవక్త (స) ఆ వర్తకుణ్ణి నిలదీసిన సంఘటన మనకందరికీ తెలుసు. లప్పం కింద దాచిన రంధ్రం కూడా ఆ తడి ధాన్యమే. లోపం దాచి అమ్మితే, తెలిసిన తర్వాత వస్తువు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుంది. దీన్ని ఖియారె ఐబ్ అంటారు. కాని కొనేవారు ఒకటి గమనించాలి. "ఏ లోపానికీ నా బాధ్యత లేదు" అన్న షరతుకు ఒప్పుకుని కొంటే, హనఫీ పండితుల ప్రకారం ఆ హక్కు మిగలదు. తెలిసి దాచిన పాపం అమ్మినవాడి మెడ మీద ఉంటుంది, నిజమే. పెట్టె మాత్రం మీ ఇంట్లోనే ఉంటుంది. సంతకం పెట్టేముందు రసీదు చదవండి.

పాత తిజోరీతో మరో చిక్కు ఉంది. ఆదిలాబాద్‌లో నాకు తెలిసిన ఒక పెద్దమనిషి మూతబడిన పత్తి వ్యాపారి గద్దె నుంచి తిజోరీ కొన్నారు. శుభ్రం చేస్తుంటే లోపలి సొరుగు వెనుక గుడ్డ మూటలో ఒక జత వెండి పట్టీలు దొరికాయి. కొన్నది ఇనుమును, వెండిని కాదు కదా! ఆయన రెండు నెలలు తిరిగి ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకుని అప్పగించారు. దొరికిన వస్తువును ఏడాదిపాటు ప్రకటించాలని హదీసు చెబుతుంటే, యజమాని జాడ తెలిసే వీలున్నప్పుడు వేరే మాటే లేదు.

బ్యాంకు లాకరు మంచిది కాదా అని అడుగుతారు. మంచిదే. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు ఉంటుంది. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు. ఈనాటి బంగారం ధరకు అదెంత? వరద, భూకంపం లాంటివాటికి, బ్యాంకు తప్పు లేకపోతే, అదీ లేదు. పైగా పరాయి అమానతును మూడో చోట పెట్టాలంటే ఇచ్చినవారి అనుమతి ముందుగా తీసుకోవాలి. ఫోనులో అడిగితే సరిపోతుంది, కాని అడగాలి.

మరొకటి. తిజోరీ మీద జకాత్ లేదు, అది ఇంటి సామానే. లోపలి బంగారం 87.48 గ్రాములకు చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే, ఆ బంగారం ఎవరిదో వారు రెండున్నర శాతం ఇవ్వాలి. దాచిన అమ్మీ తన చేతి నుంచి ఇవ్వనక్కరలేదు, గుర్తు చేస్తే చాలు.

ఆ యువకుడు చివరికి పాత తిజోరీయే కొన్నాడు. మొదట చూసినది కాదు. దానికి పలక లేదు. పదిహేను రోజులు తిరిగి మరొకటి చూసుకుని, కొత్త తాళం వేయించి, కింది గదిలో నేలకు బిగించాడు. తిరిగి విమానం ఎక్కేముందు అమ్మీతో ఒక నోటుబుక్కు మొదలుపెట్టించాడు. ఎవరు, ఏ తేదీన, ఎన్ని తులాలు ఇచ్చారో ఆమె ఉర్దూలో రాసింది. సాక్షులుగా ఇద్దరు పొరుగువాళ్ళ సంతకాలు తీసుకుంది. ఆ పుస్తకాన్నీ రెండో తాళంచెవినీ తిజోరీలో పెట్టలేదు. కోరుట్లలో ఉన్న ఆమె అక్క ఇంటికి పంపించారు.