ఒకే తాళంచెవి

మన ట్రంకు పెట్టెలకు సంతలో కొన్న తాళాలు వేస్తాం. ఒకడి తాళంచెవితో ఇంకొకడి పెట్టె తెరుచుకోవడం మీరు చూసిందే. పాస్‌వర్డుల సంగతీ అంతే.

పోయినేడాది ఎవరో నా మెయిలు తెరిచి పాస్‌వర్డు మార్చేశారు. నేనెవరికీ చెప్పలేదు. కానీ ఆటల సైటుకూ, మెయిలుకూ ఒకటే పెట్టాను. ఆటల సైటు నుంచి అది బయటపడింది. నా స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా ఆ మెయిలు మీదే ఉంది. రెండ్రోజులు అన్నం సయించలేదు. నాన్న ఫోను నంబరు ఇచ్చి ఉండబట్టి తిరిగి దొరికింది. అప్పుడు కంప్యూటర్ సారు చెప్పినవి రాస్తున్నాను.

2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు దొంగల పాలయ్యాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టే దాచడం ఆ సంస్థ తప్పు. సుమారు 2 లక్షల 90 వేల మంది పెట్టుకున్నది 123456! దొంగలు ఇలాంటి జాబితాలు పట్టుకుని ప్రతి సైటులోనూ వేసి చూస్తారు.

మరి మంచి సైట్లు ఏం చేస్తాయి?

1. పాస్‌వర్డును దాచవు. దాన్ని లెక్కకట్టి మార్చిన గుర్తును దాస్తాయి. ఆ గుర్తు నుంచి అసలుది రాబట్టడం కష్టం.
2. బయటపడ్డ జాబితాలో ఉన్న పాస్‌వర్డును ఒప్పుకోవు. 2017లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఈ నియమం చెప్పింది.
3. పదేపదే తప్పు కొడితే ఆపేస్తాయి.
4. ఫోనుకు ఓటీపీ పంపి అడుగుతాయి.

మన వంతు: ఒక్కో చోట ఒక్కో పాస్‌వర్డు పెట్టాలి, పొడుగ్గా పెట్టాలి. పేరు, పుట్టినరోజు వద్దు. ఓటీపీ ప్రాణస్నేహితుడికి కూడా చెప్పొద్దు.

నాదిప్పుడు నాలుగు మాటల పొడుగు. ఏమిటని మాత్రం అడక్కండి!

– తొమ్మిదో తరగతి విద్యార్థి