వరంగల్ ఎండకు ఎంత నీడ కావాలి? షేడ్ నెట్ కొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు



మార్చి సగం దాటిందంటే చాలు, వరంగల్, హనుమకొండ, నర్సంపేట, పరకాల ఎక్కడ అడిగినా ఒకటే మాట. "టమాటాకు పూత నిలవడం లేదు, కొత్తిమీర మొలిచిన నాలుగు రోజులకే మాడిపోతోంది, ఏం చేయాలె?" అని. ఏప్రిల్ రెండో పక్షం నుంచి మన దగ్గర ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తె వెళ్లేదాకా ఊరట ఉండదు.

అప్పుడు అందరికీ గుర్తొచ్చేది షేడ్ నెట్. షాపుకు వెళ్తాం. "ఎంత పర్సెంట్ కావాలె?" అని అడుగుతారు. "ఎండ బాగా ఉంది కదా, చిక్కటిది ఇవ్వండి" అంటాం. 75 శాతం పచ్చ నెట్ తెచ్చి, తలకు తగిలేంత ఎత్తులో, నాలుగు పక్కలా మూసేసి కడతాం. నెల తర్వాత చూస్తే మొక్క పచ్చగా, పొడుగ్గా ఉంటుంది గానీ కాయ ఉండదు. నెట్టుకు పెట్టిన డబ్బూ పోయింది, ఎండాకాలం పంటా పోయింది.

ఎందుకిలా జరుగుతుంది? షేడ్ నెట్ చేసే పని వెలుతురును కోయడం. ఆకు మీద, కాయ మీద, నేల మీద నేరుగా పడే ఎండను తగ్గిస్తుంది. గాలిలో ఉన్న వేడిని మాత్రం అది పెద్దగా తగ్గించలేదు. ఆ వేడి తగ్గాలంటే గాలి ఆడాలి, నేలలో తేమ ఉండాలి, ఆచ్ఛాదన ఉండాలి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే ఏ నెట్ కొనాలి, ఎలా కట్టాలి, ఎప్పుడు తీయాలి అన్నవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

శాతం అంటే ఏమిటి?

50 శాతం నెట్ అంటే పడే వెలుతురులో సగాన్ని ఆపేది అని అర్థం. మబ్బు లేని ఎండాకాలం మధ్యాహ్నం వెలుతురు సుమారు ఒక లక్ష లక్స్ ఉంటుంది. 35 శాతం నెట్ కింద అది 65 వేలు అవుతుంది. 50 శాతం కింద 50 వేలు, 75 శాతం కింద 25 వేలు, 90 శాతం కింద 10 వేలు.

మన టమాటా, మిర్చి, వంకాయ వంటివి వెలుతురును బాగా వాడుకునే పంటలు. వాటికి 25 వేలంటే ఆకలి కడుపుతో ఉంచినట్టే. ఆకులో తయారయ్యే ఆహారం కొమ్మ సాగడానికే సరిపోతుంది, కాయకు మిగలదు.

ఇంకో మాట. రెండు 50 శాతం నెట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే 100 శాతం కాదు, సుమారు 75 శాతం అవుతుంది. పాత నెట్ ఇంట్లో ఉంటే ఈ లెక్క పనికొస్తుంది.

ఏ పంటకు ఎంత?

ఏప్రిల్, మే నెలల్లో మన వరంగల్ ఎండకు పనికొచ్చే లెక్క ఇది:

- టమాటా, మిర్చి, వంకాయ, బీన్స్: 35 శాతం చాలు. క్యాప్సికం కొంచెం సున్నితం కాబట్టి 35 నుంచి 50 దాకా వెళ్లవచ్చు.
- కొత్తిమీర, పాలకూర, మెంతికూర: 50 శాతం.
- నారుమళ్లు: 50 శాతం. కానీ మొలక వచ్చాక రోజంతా ఉంచకూడదు.
- బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర, దోస: నెట్ అవసరం లేదు. ఇవి ఎండను తట్టుకునే పంటలు. నీరు, ఆచ్ఛాదన సరిగా ఉంటే చాలు.
- ఆంథూరియం, ఫెర్నుల వంటి నీడ మొక్కలు: 75 శాతం.
- 90 శాతం నెట్ కూరగాయలకు కాదు. పశువుల కొట్టం, వర్మీ కంపోస్టు బెడ్డు, జీవామృతం డ్రమ్ము మీదికి అది బాగా పనికొస్తుంది. జీవామృతం ఎలాగూ నీడలోనే ఉంచాలి కదా.

టమాటా విషయంలో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి బలహీనపడి పూత రాలుతుంది. నెట్ కట్టినా గాలి వేడి 42 ఉంటే పూత మొత్తం నిలవదు. నెట్ వల్ల చెట్టు బతుకుతుంది, ఉన్న కాయ ఎండకు కాలి తెల్లమచ్చ పడకుండా ఉంటుంది, నీరు ఆదా అవుతుంది. అంతవరకే ఆశపడాలి. అందుకే ఎండలు ముదిరేలోపే కాపు వచ్చేలా ముందుగా నాటుకోవడం ఏ నెట్ కన్నా మేలు.

పచ్చదా, నల్లదా, తెల్లదా?

మొక్క పచ్చగా ఉంటుంది కాబట్టి పచ్చ నెట్టే మంచిదని చాలామంది అనుకుంటారు. ఆకు ఎక్కువగా వాడుకునేది ఎరుపు, నీలం వెలుతురు. ఆకుపచ్చ వెలుతురులో కొంత భాగాన్ని తిప్పి పంపిస్తుంది, అందుకే మన కంటికి పచ్చగా కనిపిస్తుంది. పచ్చ నెట్ ఆ ఎరుపు, నీలాలనే కొంత ఆపి, పచ్చను ఎక్కువగా వదులుతుంది. అంటే అదే 50 శాతంలో మొక్కకు పనికొచ్చే వెలుతురు ఇంకా తగ్గుతుంది. ఆకుకూరలకు సర్దుకుపోవచ్చు గానీ కాయపంటలకు ఇది మొదటి ఎంపిక కాకూడదు.

నల్ల నెట్ వెలుతురు రంగును మార్చదు, అన్నింటినీ సమానంగా తగ్గిస్తుంది. అందులో కలిపే కార్బన్ వల్ల ఎండకు తట్టుకుని ఎక్కువ కాలం ఉంటుంది. కానీ తాను బాగా వేడెక్కుతుంది. ఎత్తుగా, గాలి ఆడేలా కడితే ఆ వేడి పైనే కొట్టుకుపోతుంది. కింద కడితే మొక్కలకే తగులుతుంది.

తెల్ల నెట్ వెలుతురును చెదరగొట్టి కింది ఆకులకు కూడా అందేలా చేస్తుంది, తాను తక్కువ వేడెక్కుతుంది. కాయపంటలకు ఇది బాగుంటుంది. దుమ్ము పడితే నీడ శాతం పెరిగిపోతుంది, అందుకే అప్పుడప్పుడు నీళ్లతో కడగాలి. వెండి రంగు అల్యూమినియం నెట్ ఎండను వెనక్కి కొడుతుంది, వేడి తగ్గించడంలో అన్నిటికన్నా మేలు. ధర కూడా అలాగే ఉంటుంది.

చలువ పందిరిని చూసి నేర్చుకోవాలి

మన ఊళ్లలో ఎండాకాలం వస్తే ఇంటి ముందు చలువ పందిరి వేసేవాళ్లు. గుంజలు నాటి, పైన తాటి కమ్మలో, కొమ్మలో కప్పి, సాయంత్రం కింద నీళ్లు చల్లేవాళ్లు. దాన్ని గమనిస్తే షేడ్ నెట్ పాఠమంతా అందులోనే ఉంది. పందిరి ఎత్తుగా ఉంటుంది. పక్కలు తెరిచి ఉంటాయి. కింద తడి ఉంటుంది. నాలుగు పక్కలా మూసిన చలువ పందిరిని ఎవరైనా చూశారా?

నెట్ కూడా అలాగే కట్టాలి. పొలంలో 10 నుంచి 12 అడుగులు, మిద్దె మీద కనీసం 7, 8 అడుగుల ఎత్తు ఉండాలి. పక్కలు తెరిచి ఉంచాలి. అలా ఉంచితే తేనెటీగలు కూడా వచ్చి పోతాయి. బీర, దోస వంటి తీగలకు అవి రాకపోతే కాయ కట్టదు. టమాటా, మిర్చి పూలకు గాలి కదలిక కావాలి.

మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా పడమటి ఎండ మొక్కను ఎక్కువగా దెబ్బతీస్తుంది. పడమర వైపు ఒక్కటే పరదాలాగా నెట్ వేలాడదీసి, పైన 35 శాతం కడితే, పొద్దుటి మంచి ఎండ మొక్కకు దక్కుతుంది, సాయంత్రపు మంట తగలదు. మిద్దెతోటల వాళ్లకు ఇది చాలా పనికొచ్చే పద్ధతి.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఈదురు గాలులు, వడగళ్లు మామూలే. కాబట్టి నెట్టును ఒక పక్క గట్టిగా కట్టి, ఇంకో పక్క తీగ మీద రింగులతో జరుపుకునేలా పెట్టుకోండి. గాలి దుమారం వస్తుందనుకుంటే ఐదు నిమిషాల్లో పక్కకు లాగేయవచ్చు. కట్టే విధానం వీడియోలో వివరంగా చూడండి.

మిర్చి నారుమడి: ఇక్కడ జాగ్రత్త

వరంగల్ అంటే మిర్చి. ఏనుమాముల మార్కెట్ సంగతి చెప్పక్కర్లేదు. మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సొంత విత్తనం కట్టుకుని, బీజామృతంతో శుద్ధి చేసి, సొంతంగా నారు పోసుకునే ప్రకృతి వ్యవసాయ రైతుకు నారుమడే పంటకు పునాది. ఎకరాకు ఒక సెంటు నారుమడి చాలు. కాబట్టి నెట్ ఖర్చు కూడా పెద్దది కాదు.

కానీ నారు పోసేది జూలైలో. అప్పటికి ఆకాశంలో మబ్బులుంటాయి. మబ్బు రోజున వెలుతురు 20, 30 వేల లక్సులే ఉంటే, 50 శాతం నెట్ కింద 10, 15 వేలే మిగులుతుంది. అందుకే నారు సన్నగా, పాలిపోయి, పొడుగ్గా సాగుతుంది. తడి ఆరక నారుకుళ్లు తెగులు వస్తుంది. పొలంలో నాటగానే వాలిపోతుంది.

ఏం చేయాలంటే, మొలక వచ్చేదాకా నెట్ ఉంచండి. మొలిచాక ఎండ కాసిన రోజుల్లో ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా మాత్రమే కప్పండి. మబ్బు రోజున తీసేయండి. పెద్ద వాన పడేటప్పుడు కప్పితే చినుకు దెబ్బ తగ్గుతుంది. నాటడానికి పది రోజుల ముందు నుంచి నెట్ పూర్తిగా తీసేసి నారును ఎండకు అలవాటు చేయండి.

షేడ్ నెట్ తెల్లదోమను ఆపదు. బొబ్బర తెగులు తెచ్చేది ఆ దోమే. దానికి 40 మెష్ ఇన్సెక్ట్ నెట్ వేరుగా కావాలి, పక్కలకు కూడా కట్టాలి. 2021–22లో మన మిర్చిని ముంచిన నల్ల తామర పురుగు ఇంకా చిన్నది, 40 మెష్ కూడా దాన్ని పూర్తిగా ఆపలేదు. నెట్ కట్టాం కదా అని నిశ్చింతగా ఉండకుండా రోజూ ఆకు తిప్పి చూడాలి.

పాలీహౌస్ ఉన్నవాళ్లు

నెట్టును పాలిథీన్ కప్పుకు బయట, ఒక అడుగు ఎత్తులో వేయండి. వేడి లోపలికి రాకముందే ఆగుతుంది. లోపల నల్ల నెట్ కడితే అది వేడెక్కి, ఆ వేడి లోపలే తిరుగుతుంది. లోపలే కట్టాల్సి వస్తే తెలుపు లేదా వెండి రంగు వాడండి. వీలు కాకపోతే ఏప్రిల్‌లో కప్పు మీద పలుచగా సున్నం నీళ్లు కొట్టినా సరిపోతుంది, వానలకు అదే కడుక్కుపోతుంది.

కొనేటప్పుడు ఇవి చూడండి

1. షేడ్ నెట్లకు ఐ.ఎస్. 16008 అనే భారతీయ ప్రమాణం ఉంది. రోల్ మీద ఆ నంబరు, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నాయో లేదో చూడండి.
2. ఎండకు తట్టుకునేలా యు.వి. శుద్ధి చేశారా, ఎన్నేళ్ల వారంటీ అని అడిగి బిల్లు మీద రాయించుకోండి.
3. చదును టేపు దారంతో అల్లినవి చౌక. గుండ్రటి మోనో దారంతో అల్లినవి బరువు ఎక్కువ, గాలికి గట్టిగా నిలుస్తాయి. ఒకే శాతం నెట్లు రెండు షాపుల్లో ఉంటే చదరపు మీటరు బరువు పోల్చండి.
4. చెప్పిన శాతం నిజమేనా? ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ పెట్టుకోండి. ఒకే చోట, నెట్ లేకుండా ఒకసారి, ఫోన్ మీద జానెడు ఎత్తులో నెట్ పట్టుకుని ఒకసారి కొలవండి. 40 వేలు కాస్తా 20 వేలు అయితే అది 50 శాతం. అంకె కచ్చితంగా లేకపోయినా నిష్పత్తి తెలుస్తుంది.
5. ధరను ఏళ్లతో భాగించండి. మీటరు 10 రూపాయల నెట్ రెండేళ్లకు చిరిగితే ఏడాదికి 5 రూపాయలు. 20 రూపాయలది ఐదేళ్లు ఉంటే ఏడాదికి 4 రూపాయలే.

చౌక నెట్ పొడి పొడిగా రాలితే ఆ ప్లాస్టిక్ ముక్కలు మన మట్టిలోనే కలుస్తాయి. వానపాముల కోసం ఇంత కష్టపడే మనం ఆ మట్టిలో ప్లాస్టిక్ వేసుకోవద్దు కదా. వానాకాలం రాగానే నెట్ తీసి, కడిగి, ఆరబెట్టి, ఎలుకలు కొట్టని చోట చుట్టి పెట్టండి.

నెట్ లేని నీడ

నెట్ కన్నా ముందు చేయాల్సినది ఆచ్ఛాదన. వరిగడ్డి మూడు, నాలుగు అంగుళాల మందాన పరిస్తే నేల కాలదు, వేరు చల్లగా ఉంటుంది, తడి నిలుస్తుంది. గడ్డి లేకుండా నెట్ కట్టడం కన్నా, నెట్ లేకుండా గడ్డి పరచడం మేలు.

తర్వాతది బతికున్న నీడ. తమలపాకు తోటల్లో అవిసెను నీడకే పెంచుతారు. పసుపులో మొక్కజొన్న వేయడం మన రైతులకు కొత్త కాదు. అదే ఆలోచనతో కూరగాయల మడికి పడమర వైపు ఆముదం, కంది, మునగ వరుసగా పెట్టండి. ఏడాది ముందే నాటితే వచ్చే ఎండాకాలానికి అవే పరదా అవుతాయి. బీర, సొర తీగల పందిరి కింద కొత్తిమీర, పాలకూర చల్లుకోవచ్చు. పైన కాయ, కింద ఆకు, నెట్ ఖర్చు లేదు.

సబ్సిడీ సంగతి

శాశ్వత షేడ్ నెట్ హౌస్ కట్టాలనుకుంటే, సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద నిర్ణయించిన యూనిట్ ధరలో సగం సబ్సిడీ ఉంటుంది. నాలుగు కడీలు పాతి కట్టుకునే నెట్టుకు ఇది రాదు, నిబంధనల ప్రకారం కట్టిన నిర్మాణానికే. యూనిట్ ధర, విస్తీర్ణం పరిమితి మారుతుంటాయి కాబట్టి పని మొదలుపెట్టక ముందే మీ మండల ఉద్యాన అధికారిని కలవండి. పంట సలహాకు మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలు, ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం మనకు దగ్గర్లోనే ఉన్నాయి.

ఈ ఏడాది నెట్ కొనాలనుకునేవాళ్లు ముందు ఒక పని చేయండి. రేపు మధ్యాహ్నం 3 గంటలకు తోటలో నిలబడి ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, గాలి ఎటు నుంచి వస్తోంది, నేల మీద గడ్డి ఉందా లేదా చూడండి. ఎన్ని మీటర్లు, ఎంత శాతం కావాలో అక్కడే తేలిపోతుంది. మృగశిర రాగానే తీయడం మాత్రం మర్చిపోకండి.

మీ ఊళ్లో ఏ రంగు, ఎంత శాతం నెట్ వాడుతున్నారు, ఎన్నేళ్లు నిలిచింది అన్నది కింద రాయండి. మిగతా రైతులకు ఉపయోగపడుతుంది.