పిల్లల అంతర్జాల వాడకంపై తల్లిదండ్రుల పర్యవేక్షణ

పిల్లలు అంతర్జాలంలో ఏమి చూస్తున్నారో, ఎవరితో మాట్లాడుతున్నారో తల్లిదండ్రులు గమనిస్తూ ఉండడమే ఈ పర్యవేక్షణ. ఇది ఎంతవరకు ఉండాలన్నది వివాదాంశం.

ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లో చేరింది. దీని 5వ అధికరణం పిల్లలకు దారి చూపే బాధ్యతను తల్లిదండ్రులకు గుర్తించగా, 16వ అధికరణం పిల్లల గోప్యతను కాపాడుతున్నది. పర్యవేక్షణ మితంగా, పిల్లల ఎదుగుతున్న సామర్థ్యానికి తగినట్లు ఉండాలని ఒడంబడిక అమలును పరిశీలించే బాలల హక్కుల సంఘం 2021లో పేర్కొన్నది.

కనుక పసివయసులో పక్కన కూర్చొని చూడడం అవసరమే. కౌమారంలో మాత్రం రహస్య నిఘా కంటే ముందుగా మాట్లాడుకొని పెట్టుకున్న నియమాలు మేలు. ఫోను లాగేసుకుంటారని భయపడే పిల్లలు, ఎవరైనా బెదిరించినప్పుడు ఆ సంగతిని ఇంట్లో చెప్పక దాచవచ్చు. భారతదేశంలో ఇటువంటి ఆపదలో ఉన్న పిల్లలు 1098 సంఖ్యకు ఫోను చేసి సహాయం కోరవచ్చును.